మిషన్‌కు దసరా చేసిన మామ

మా మేనమామ పోయిన సంగతి నాకు ఇంటివాళ్ళకంటే ముందు ఒక కంపెనీ చెప్పింది. కోదాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. విసుగొచ్చి ఫోను తెరిస్తే, వైద్యం మీ ఇంటికే తెస్తామని చెప్పుకునే సూర్యాపేట కంపెనీ మేనేజరు స్టేటస్‌లో మా మామ కనిపించాడు. చుట్టూ బంతిపూల బొమ్మ, కింద దీపం బొమ్మ, పక్కన కంపెనీ గుర్తు. "మీకు సేవ చేసే భాగ్యం కలిగించినందుకు మా కృతజ్ఞతలు" అని రాసి ఉంది. ఫొటోలో మామ నోరు తెరిచి నవ్వుతున్నట్టు ఉన్నాడు.

ఆయన నవ్వడమేమిటి, ఎవరో ఆ పోలికలున్న మనిషి అయివుంటాడని ముందు అనుకున్నాను. అనుమానం తీరక ఆయన కొడుక్కి, అంటే మా బావకు ఫోన్ చేశాను. "ఆఁ, పొద్దుగాల పోయిండు. నీకే చెయ్యబోతున్న" అన్నాడు. చావు కబురు మోయడంలో కంపెనీ మా చుట్టాలందరికంటే చురుగ్గా ఉంది. ఆక్సిజన్ సిలిండరు మోయడంలో ఆ చురుకు ఎన్నడూ చూపించలేదు.

పెద్దకర్మ నాడు టెంటు కింద మైకు పెట్టారు. మైకు చేతికొస్తే చాలు, మనుషులకు అబద్ధాలు వాటంతట అవే వస్తాయి. ఒకాయన లేచి "అజాతశత్రువు" అన్నాడు. ఆయనకూ మా మామకూ మాటల్లేక ఎంత కాలమైందో ఆ టెంటు కింద అందరికీ తెలుసు. ఇంకొకాయన "చిరునవ్వు చెరగని మనిషి" అన్నాడు. ఆ చిరునవ్వు ఆయన ఆ స్టేటస్‌లోనే చూసి ఉంటాడు. నేను లేవలేదు. లేస్తే భోజనాల వేళకు గొడవయ్యేది. అక్కడ మింగిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మా మామ సౌమ్యుడు కాడు. మనుషులంటే ఆయనకు చిన్నచూపు. డబ్బున్నవాళ్ళంటే ఒక రకం చిన్నచూపు, లేనివాళ్ళంటే ఇంకో రకం, మీటింగులు పెట్టేవాళ్ళంటే మరీ. ఆ గుణంలో నాకూ కొంత వాటా వచ్చింది. "అన్నీ మేనమామ పోలికలే" అని మా అమ్మ నన్ను తిట్టేది. నేను దాన్ని తిట్టుగా ఎప్పుడూ తీసుకోలేదు.

ఆయన బతుకంతా మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఫిట్టరుగా గడిచింది. సాగర్ కాలువ కింద పండిన వడ్లు లారీలకెత్తి అక్కడికి తెచ్చేవారు. సీజనులో ఏ మిల్లులో బెల్టు తెగినా, బేరింగు పోయినా మామకు కబురు. పని చేస్తున్నంతసేపూ ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. మిల్లు యజమాని వెనక నిలబడి "ఇంక ఎంతసేపయితది?" అంటే, "నువ్వు గాడ నిలబడకపోతే జల్దిగనే అయితది" అనేవాడు. వేసవి సెలవుల్లో నన్ను మిల్లుకు తీసుకుపోయేవాడు. కనుబొమల నిండా ఊక దుమ్ముతో, వడ్లు పైకెత్తే ఎలివేటరు పక్కన నిలబడి చెప్పేవాడు. "సూడు బిడ్డా. దీనికి నోరు లేదు. పొగడదు, తిట్టదు. నూనె పోస్తే నడుస్తది, పొయ్యకపోతే అరుస్తది. మనిషి గట్ల కాదు. నూనె పోసినా అరుస్తడు."

ఆయనకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం కృతజ్ఞతలు చెప్పడమంటే. నా ఉద్యోగం ఇంటర్వ్యూకు ఆయనే నల్లగొండ దాకా తోడొచ్చాడు. రోజంతా ఆఫీసు బయట ఎండలో నిలబడ్డాడు. తిరిగి బస్సు దిగాక నేను "థ్యాంక్స్ మామా" అన్నాను. ఆయన నడుస్తున్నవాడల్లా ఆగాడు. "ఏం, ఇగ మా ఇంటికి రావా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "థ్యాంక్సు చెప్పిండంటే లెక్క సాఫ్ చేసుకున్నడన్నట్టు. లెక్క సాఫ్ చేసుకునేటోడు సుట్టం కాదు, దుకాణంల గిరాకి." ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ నేను ఆయనకు ఆ మాట చెప్పలేదు. అలా చెప్పకపోవడమే మా ఇద్దరి మధ్య ప్రేమ.

రిటైరైన రోజు మిల్లు యజమాని శాలువా కప్పి, గాజు షీల్డు ఇచ్చి, అందరి ముందూ "మీ రుణం తీర్చుకోలేనిది" అన్నాడు. శాలువా ఆ వానాకాలం పెరట్లో నీళ్ళ మోటారు మీద కప్పి ఉంది. షీల్డు నీళ్ళ కుండ కింద ఉంది, కుండ అటూ ఇటూ కదలకుండా. "దీనికి ఇది మంచిగ అక్కరకొచ్చింది" అన్నాడు మామ.

అలాంటి మనిషి ఏడాదికి ఒక్కనాడు మాత్రం మెత్తబడేవాడు. దసరా నాడు. అది కూడా మనుషుల కోసం కాదు. మిల్లు ఆపించి, మిషన్లన్నీ తన చేత్తో తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి హారతి ఇచ్చేవాడు. ఆ పూజ అయ్యాక మర్నాడు పొద్దున దాకా ఎవరూ స్విచ్చు ముట్టకూడదు. ఒక ఏడు లారీలు వచ్చి నిలబడ్డాయని యజమాని పూజ కాగానే మిల్లు వేయించబోతే, మామ స్టార్టరు బోర్డు ముందు టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. "ఏడాదంత అది నీకు చేసింది. ఒక్క దినం నువ్వు దానికి చెయ్యలేవా?" అన్నాడు. మిల్లు నడవలేదు. ఎవరికీ ధన్యవాదం చెప్పని మనిషికి తెలిసిన కృతజ్ఞత అది ఒక్కటే.

ఆ మిల్లుల దుమ్మే చివరికి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బావ సూర్యాపేటలో, హైవే పక్కన టైల్స్ షాపు నడుపుతాడు. మామనూ అత్తనూ తన దగ్గరికి తెచ్చుకుని ముందు గది ఇచ్చాడు. ఆయాసం ఎక్కువైనప్పుడు హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ నోట్లో గొట్టం పెట్టి, చేతులు మంచానికి కట్టి కొన్నాళ్ళు ఉంచారు. బావ ఆ ఆసుపత్రి ముందు అద్దాల గోడ ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు. "తండ్రిని బాగ సూస్తున్నడు" అని అందరూ మెచ్చుకున్నారు. లోపల ఆ తండ్రి ఏమంటున్నాడో ఎవరికీ అక్కర్లేదు. నోట్లో గొట్టం ఉన్న మనిషి ఏమంటాడు?

గొట్టం తీశాక, బొంగురు గొంతుతో మొదట అన్న మాట, "మల్ల ఈ గొట్టం పెట్టిస్తే నువ్వు నా కొడుకువే కాదు" అని. చూడ్డానికి వెళ్ళిన నన్ను దగ్గరికి పిలిచి కొంచెం నిమ్మళంగా చెప్పాడు. "నేను ఇంట్ల పోవాలె బిడ్డా. మీ అత్త ముందల, నా మంచం మీద. పేరు తెలువనోళ్ళ నడుమ, నోట్ల గొట్టంతోని పోను. ఇది ఒక్కటి సూడు." ఆయన నన్ను అడిగింది జీవితంలో ఆ ఒక్కటే.

ఆ ఒక్కటీ నెరవేరాలంటే ఇంటికి వైద్యం రావాలి. ఒకప్పుడు సూర్యాపేటలో ఇది అయ్యే పని కాదు. ఇప్పుడు ఫోనులో నొక్కితే చాలు. రక్తం తీసుకునేవాళ్ళు వస్తారు, ఒళ్ళు కదిలించేవాళ్ళు వస్తారు, గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ముక్కుకు అందించే మిషన్ కిరాయికి వస్తుంది, పగలంతా చూసుకునే అమ్మాయి వస్తుంది, డాక్టరు తెరమీద ప్రత్యక్షమవుతాడు. ఎంత ఎగతాళి చేసినా ఇది నిజంగా మంచి సంగతి. ఇదే లేకపోతే మామ ఆ అద్దాల గోడ వెనకే పోయేవాడు.

కానీ ఆ మంచి మన చేతికి వచ్చేసరికి దానికి ఎంత వెకిలితనం అంటుకుందో కూడా చెప్పాలి. తెర మీది డాక్టరు ఎప్పుడు చూసినా కదిలే కారులో ఉండేవాడు. మామ దగ్గుతుంటే ఆయన సీటు బెల్టు సర్దుకునేవాడు. అమ్మాయి స్నానం చేయించిన ప్రతిసారీ ఫోను మోగేది, ఈ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. "తానానికి సుక్కలేందే?" అన్నాడు మామ మా అత్తతో. "బువ్వ తింటే గూడ అడుగుతడా?" నిజంగానే భోజనానికీ నక్షత్రాలు అడిగారు.

ఆ అమ్మాయిది దామరచర్ల దగ్గర ఒక తండా. నర్సింగు అసిస్టెంటు కోర్సు చదివింది. వచ్చిన మొదటి రోజు మామ ఆమెను కిందినుంచి మీదికి చూసి, "నువ్వు నన్ను లేపగలవా?" అన్నాడు. "నువ్వేమన్న వడ్ల బస్తావా తాతా? బస్తా అయితే ఇంక నయం, తిట్టదు" అంది. సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక, "రేపు గూడ గా పిల్లనే రమ్మను" అన్నాడట మామ అత్తతో. అది మొదలు ఇద్దరికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కయ్యమే. ఆయన దిండు ఎత్తుగా ఉందంటాడు, ఆమె లేదంటుంది. ఆమె వాళ్ళమ్మతో ఫోనులో లంబాడీలో గట్టిగా మాట్లాడుతుంటే "ఏందా లొల్లి" అని కసురుతాడు. ఆమెకు సెలవైన రోజున "ఇయ్యాల లొల్లి లేదేంది" అని అత్తను అడుగుతాడు.

బావ మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఈ పిల్ల మంచిగ సూస్తుంది కాబట్టి ఊకుంటున్న. జర తేడా వచ్చినా హైదరాబాదే. ఇంట్ల పెట్టి సంపిండు అని నలుగురు అంటే నాకు ఇజ్జత్ ఉండదు." మామ ప్రాణం కంటే నలుగురి నోరు బావకు బరువు. ఏమైతేనేం, ఆ పిల్ల ఉంటేనే ఇల్లు, పోతే గొట్టం. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

పోయిన దసరాకు ఆ కంపెనీ వాళ్ళు కృతజ్ఞతా వారం జరుపుకున్నారు. ఏ ఊళ్ళో ఎవడికి తట్టిన ఆలోచనో తెలియదు. రోగులు తమను చూసుకునే అమ్మాయిలకు కెమెరా ముందు కృతజ్ఞత చెప్పాలి, అమ్మాయిలు రోగులకు చెప్పాలి, అందరూ కలిసి కంపెనీకి చెప్పాలి. మేనేజరుది మా కోదాడే. నాకు ఫోన్ చేసి, "మేడమ్, మీరు లెక్చరర్ కదండీ, మామయ్యగారు చెప్పడానికి రెండు మంచి మాటలు రాసివ్వండి. హృదయాన్ని తాకేటట్టు ఉండాలండీ" అన్నాడు. పండక్కి ఇంటికి పోతానని ఆ పిల్ల సెలవడిగితే ఇవ్వలేదట. పండగ నాడే వీడియో కదా, ఆమె ఉండాలి కదా అన్నారట. ఆమెకు కృతజ్ఞత చెప్పడం కోసం ఆమెకు సెలవు లేకుండా చేశారు.

దసరా పొద్దున నేను సూర్యాపేట చేరేసరికి మామ మంచం మీద కూర్చుని హుకుములు జారీ చేస్తున్నాడు. ఆక్సిజన్ మిషన్‌కు పూజ చేయాలి. "ఏడాది సంది నాకు ఊపిరి పోస్తుంది. గా కారుకు పెడతరు బొట్లు, దీనికి పెట్టరా?" అన్నాడు. బయట బావ కారు అప్పటికే కడిగి, దండ వేసి, పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. అత్త ఆ తెల్ల పెట్టెను గుడ్డతో తుడిచి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, బంతిపూల దండ వేసింది. అది నడుస్తూనే ఉంది, దండ సన్నగా వణుకుతూ ఉంది. ఆ పిల్లను "పండుగ పూట ముందు నువ్వు తిను" అని అత్తే వంటింట్లో విస్తరి ముందు కూర్చోబెట్టింది.

అత్త కర్పూరం పళ్ళెం ఎత్తుతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందుగాల బంద్ చెయ్యి. నడిచే మిషన్‌కు హారతి ఇయ్యరు. నిప్పు దగ్గర అది నడువొద్దు కూడ." జీవితమంతా అలాగే చేసిన మనిషి. మిల్లు ఆగితే వడ్లు ఆగుతాయి. ఈ మిషన్ ఆగితే ఏమాగుతుందో తనకు తెలియనిది కాదు. కరెంటు పోయినప్పటి కోసం మూలన చిన్న సిలిండరు ఉంది. కొంచెంసేపు దాని మీద ఉందామని ఆయన లెక్క. అయితే అంతకుముందు వారమంతా కరెంటు పోతూ ఉండడంతో ఆ సిలిండరు వాడేశారు. మార్చమని అత్త కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. బావ ఫోను తీసి చూసి, "మార్చిర్రు నాయనా, యాప్‌ల పచ్చ టిక్కు ఉంది" అన్నాడు. తను బజారుకు పోయినప్పుడు మార్చి ఉంటారనుకుంది అత్త. మూలన ఉన్న సిలిండరును లేచి చూసినవాళ్ళు లేరు. అది పాతదే, అక్కడే ఉంది. కొడుకు మాట మా మామ నమ్మింది తక్కువ. నమ్మక నమ్మక ఆ రోజు నమ్మాడు.

బావ మిషన్ ఆపి, గొట్టం తీసి సిలిండరుకు తగిలించాడు. కొంచెంసేపు బుస్సుమని చప్పుడు వచ్చింది. అత్త కర్పూరం వెలిగించింది. సరిగ్గా అప్పుడే మేనేజరు దిగాడు, చంకలో బ్యానరు చుట్ట, చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు. పండగనాడు పెద్దల చేతిలో పెట్టి మొక్కే జమ్మి ఆకును కవర్లో పెట్టి, దాని మీద కంపెనీ గుర్తు అచ్చేయించారు. మమ్మల్ని చూసి, "ఆగండాగండి, చాలా నేచురల్‌గా ఉందండీ" అని ఫోను పైకెత్తాడు. "సార్, ఇటు చూసి ఒక్క మాట. ధన్యవాదాలు అనండి చాలు."

మామ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఏదో పెద్ద తిట్టు కూడదీసుకుంటున్నాడనే నేను అనుకున్నాను. "సూపర్ సార్! ఇంకొంచెం నవ్వండి" అన్నాడు మేనేజరు. ఆ తెరిచిన నోటినే వాళ్ళు తర్వాత బంతిపూల మధ్య పెట్టి లోకానికి చూపించారు. అది నవ్వు కాదు. గాలి అందని మనిషి గాలి వెతుక్కోవడం.

పెదవులు నల్లబడేసరికి అత్త పళ్ళెం వదిలేసి కేక వేసింది. ఆ పిల్ల అన్నం చెయ్యితోనే వంటింట్లోంచి ఉరికొచ్చింది. చెంబు నీళ్ళు కర్పూరం మీద కుమ్మరించింది, దండ తెంపి అవతల పారేసింది, స్విచ్చు నొక్కి గొట్టం మిషన్‌కు తగిలించింది. ఆయన్ని ముందుకు వంచి తన భుజం మీద ఆనించుకుని వీపు నిమిరింది. మిషన్ గుర్రుమని అందుకుంది. మెల్లగా ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. వచ్చాక ఆ పిల్ల మొదలుపెట్టింది. "పండుగ మిషన్‌కా నీకా? నువ్వు సస్తే అది ఎవలకు నడుస్తది? జర బుద్ధి ఉండొద్దా తాతా?" తర్వాత లంబాడీలో ఇంకా చాలా తిట్టింది. ఆ తిట్ల మధ్య ఏడుస్తోందని కొంచెం ఆలస్యంగా గమనించాను.

మనుషులు అసలు రూపంలో కనిపించింది ఆ తర్వాత. బావ అప్పటికే అంబులెన్సుకు ఫోన్ కలిపాడు. "చెప్పిన కదా, ఇంట్ల అయ్యేది కాదు. హైదరాబాద్ పోదాం." మేనేజరు వాకిట్లోకి పోయి తన పైవాళ్ళతో మాట్లాడుతున్నాడు, "లేదండీ, ఖాళీ సిలిండరు సంగతి తర్వాత. అటెండెంటు పేషెంటు దగ్గర లేదండీ, భోజనానికి వెళ్ళిపోయింది" అని. లోపలికొచ్చి ఆ పిల్లతో, "నువ్వు బ్యాగు సర్దుకోమ్మా. రేపటి నుంచి వేరేవాళ్ళొస్తారు" అన్నాడు. మిఠాయి డబ్బా ఇంకా ఆమెకు ఇవ్వనే లేదు. కృతజ్ఞతా వారం పూర్తయింది.

మామ చెయ్యెత్తాడు. "వీడియో తియ్యి" అన్నాడు. మేనేజరు ముఖం వెలిగింది. ఇంత జరిగాక కూడా వాడికి ధన్యవాదాలే దొరుకుతాయనుకున్నాడు. ఫోను పట్టుకున్నాడు. మామ ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"మిషన్ బంద్ చేయించింది నేను. ఖాళీది మార్చకుండ మూలకు ఉంచింది నువ్వు. నిండుదని సెప్పింది నీ యాపు. నమ్మింది నా కొడుకు. తప్పు చెయ్యంది ఈడ ఈ పిల్ల ఒక్కతే." ఆ పిల్ల వైపు చెయ్యి చూపాడు. "ఈమె పోతే, నీ మిషన్ గూడ తీస్కపో."

ఆ మాటంటూ ముక్కు దగ్గరి గొట్టం పట్టుకుని లాగేశాడు. బెదిరింపు కాదది. మా మామ బెదిరించే రకం కాదు. గొట్టం గుప్పిట్లో పెట్టుకుని మేనేజరు వైపే చూస్తూ కూర్చున్నాడు. అత్త రెండు చేతులూ జోడించింది. ఆ పిల్ల "పెట్టుకో తాతా, నీ కాళ్ళు మొక్కుత" అంటోంది. "ముందుగాల వాన్ని సెప్పమను" అన్నాడు. మళ్ళీ ముఖం వాడిపోతోంది. మేనేజరు అండీలన్నీ మరిచిపోయాడు. "ఉంటది, ఉంటది! ఈమెనే ఉంటది!" అని అరిచాడు. మామ బావ వైపు తిరిగాడు. బావ ఫోను కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గొట్టం ఆ పిల్ల చేతికిచ్చాడు, పెట్టమని.

ఆమెకు ఆ రోజు కూడా ఆయన ధన్యవాదం చెప్పలేదు. కాసేపయ్యాక, "అన్నం నడుమల లేచినవ్. పోయి తిను" అన్నాడు. మేనేజరు మరిచిపోయిన జమ్మి కవర్లు చూసి, "ఇవి గూడ తీస్కపొమ్మను. జమ్మి కవర్ల వస్తదా?" అన్నాడు. నిండు సిలిండరు ఆ సాయంత్రమే వచ్చింది, యాప్‌లో ఏ టిక్కూ లేకుండా. ఆ మాటలున్న వీడియో మాత్రం ఎక్కడా కనిపించలేదు. అందులోంచి వాళ్ళకు పనికొచ్చింది తెరిచిన నోరు ఒక్కటే.

మర్నాడు మామ ఇంకో హుకుం జారీ చేశాడు. ఆ పిల్లను బావ తన కారులో తండాకు దింపి రావాలి, ఆమె పండగ చేసుకుని వచ్చేదాకా తండ్రి పక్కన బావే కూర్చోవాలి. బొట్లు పెట్టించుకున్న కొత్త కారు దామరచర్ల దారిలో దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చింది. బావ గొణుగుతూనే కూర్చున్నాడు. గొణుగుతూనే దిండు ఎత్తు సర్దడం నేర్చుకున్నాడు. మామ ఆ పనికి ఏ నక్షత్రాలూ ఇవ్వలేదు. "మల్ల కిందికైంది" అన్నాడు అంతే.

శివరాత్రి దాటాక ఒక పొద్దున మామ పోయాడు. తన మంచం మీదే. అత్త చాయ్ తెచ్చి పక్కన పెట్టి, చల్లారిపోతుందని లేపింది. లేవలేదు. నోట్లో ఏ గొట్టమూ లేదు. గదిలో పేరు తెలియనివాళ్ళెవరూ లేరు. ఆయన అడిగింది ఆయనకు దొరికింది. అది మేమెవరం ఇచ్చింది కాదు, ముక్కు గొట్టం గుప్పిట్లో పట్టుకుని ఆయనే తీసుకున్నాడు.

నేను కోదాడ నుంచి చేరేసరికి వాకిట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, కంపెనీ వాళ్ళు మిషన్ కోసం వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఇంకో పేషెంటు ఎదురు చూస్తున్నాడట. ఆ పిల్ల ఫోనుకు డ్యూటీ ముగిసిందని పొద్దున్నే మెసేజీ వచ్చిందట. అయినా వచ్చింది. యూనిఫాం లేకుండా, గడప పక్కన గోడకానుకుని కూర్చుంది. ఎవరూ ఆమెను పలకరించలేదు.

మామ పాలోళ్ళు, అంటే దాయాదులు, వాకిలి నిండా ఉన్నారు. మామ మంచాన పడ్డాక వీళ్ళలో చాలామంది గది గడప దాటలేదు. దాటిన ఒకరిద్దరూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఇప్పుడు మాత్రం ఏది ఎవరు చేయాలో అందరికీ తెలుసు. శవాన్ని వాకిట్లోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఆ పిల్ల అలవాటుగా లేవబోయింది. వాళ్ళలో పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది ఇంటోళ్ళు చేసేది. బయటోళ్ళు ముట్టొద్దు."

అత్త అప్పుడు తలెత్తింది. "బయటోళ్ళెవలు?" అంది. "ఇన్ని దినాలు ఈయనకు తానం ఎవలు పోసిర్రు? మీల ఎవలన్న పోస్తే సెప్పుర్రి, వాళ్ళనే పొయ్యమంట." పెద్దాయన అడ్డం పెట్టిన చెయ్యి కిందికి దించాడు. "రా బిడ్డా" అంది అత్త.

ఆ పిల్ల చున్నీ నడుముకు చుట్టుకుని వచ్చింది. బావ బకెట్టులో వేడినీళ్ళు పోసి, చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసింది.

"అన్నా, బాగ కాగినయి. జర సన్నీళ్ళు కలుపు."

ఆయనకు ఇప్పుడు ఏం తెలుస్తుందని అక్కడ ఎవరూ అనలేదు. బావ పోయి చన్నీళ్ళు తెచ్చి బకెట్టులో పోశాడు. ఆమె మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. ఇంకొంచెం అన్నట్టు తల ఊపింది. బావ ఇంకొంచెం పోశాడు.